జిప్పులో దాగిన పేరు

"ఫోటోలన్నీ జిప్ చేసి పంపరా" అంటాం కదా, జిప్ చేయడమంటే కుదించడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో రెండు పనులున్నాయి. పది ఫైళ్ళని ఒక మూట కట్టడం ఆర్కైవింగ్. ఆ మూటని నొక్కి చిన్నది చేయడం కంప్రెషన్.

యూనిక్స్ వాళ్ళు ఈ రెండింటినీ ఎప్పుడూ కలపలేదు. టార్ అంటే టేప్ ఆర్కైవ్. 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో వచ్చింది, టేపు మీదికి ఫైళ్ళని వరసగా ఎక్కించడానికి. అది ఒక్క బైటు కూడా తగ్గించదు సరికదా, ఒక్కో ఫైలుకీ 512 బైట్ల హెడర్ తగిలిస్తుంది! నొక్కే పని 1992లో వచ్చిన జీజిప్‌ది. దానికేమో మూట కట్టడం రాదు. అందుకే టార్ డాట్ జీజెడ్ అని ఫైలుకి రెండు తోకలు.

నొక్కడం ఎలాగంటారా? మన దస్తావేజుల్లో "సదరు ఆస్తి" అని రాస్తారు చూడండి, సర్వే నంబరు, హద్దులు మళ్ళీ రాయకుండా. లెంపెల్, జివ్ అనే ఇద్దరు 1977లో చెప్పిన పద్ధతి ఇంచుమించు ఈ "సదరే". ఇన్ని అక్షరాలు వెనక్కి వెళ్ళి, ఇన్ని తెచ్చుకో అని రాసుకుంటుంది. అన్నట్టు, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడుతుంది. అందులో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండు విలువల్లో ఏదో ఒకటి. కాబట్టి నొక్కితే మన భాష బాగానే తగ్గుతుంది లెండి.

ఇక పేర్ల సంగతి. రార్‌లో మొదటి అక్షరం రోషల్ అనే రష్యన్ ఇంటిపేరు. జిప్‌లోనూ ఒక మనిషి ఉన్నాడు, కానీ పైకి కనపడడు.

1985లో న్యూజెర్సీలో సీ అనే చిన్న కంపెనీ ఆర్క్ అనే ప్రోగ్రాం తెచ్చింది. మోడెమ్‌తో బులెటిన్ బోర్డులకి డయల్ చేసి ఫైళ్ళు దింపుకునే రోజులవి, ఫైలు చిన్నదైతే ఫోను బిల్లు మిగులుతుంది. మిల్వాకీ కుర్రాడు ఫిల్ కాట్జ్ దాన్ని మించిన వేగంతో పీకేఆర్క్ రాశాడు. 1988లో సీ దావా వేసింది. కోర్టు నియమించిన నిపుణుడు చూస్తే కామెంట్లు, వాటిలోని స్పెల్లింగు తప్పులతో సహా రెండింట్లోనూ ఉన్నాయి! మనం కాలేజీలో అసైన్‌మెంట్లు కాపీ కొట్టి దొరికిపోయినట్టే. అదే ఏడాది రాజీ కుదిరింది, కాట్జ్ డబ్బు కట్టాడు.

1989లో అతను కొత్త ఫార్మాట్‌తో పీకేజిప్ విడుదల చేశాడు. జిప్ అంటే రివ్వుమని పోవడం, ఆ పేరు ఒక స్నేహితుడు సూచించింది. ఫార్మాట్ వివరాలు అందరికీ ఇచ్చేశాడు. బులెటిన్ బోర్డుల వాళ్ళు సీని పెద్ద కంపెనీ అనుకుని, కుర్రాణ్ణి తొక్కేస్తోందని కోపంతో మూకుమ్మడిగా జిప్‌కి మారిపోయారు. నా ఉద్దేశంలో సీకి అన్యాయమే జరిగింది, వాళ్ళూ ఇంట్లోవాళ్ళు కలిసి నడుపుకున్న చిన్న దుకాణమే. అయితే కాట్జ్ ఫార్మాట్‌ని దాచుకుని ఉంటే ఇవాళ జిప్ ఇంతమంది చేతుల్లో ఉండేది కాదు.

కాట్జ్ తాగుడుకి బానిసై, 2000 ఏప్రిల్ 14న మిల్వాకీలోని ఒక హోటల్ గదిలో చనిపోయాడు. వయసు 37.

జావా జార్, ఆండ్రాయిడ్ ఏపీకే, వర్డ్ డాక్‌ఎక్స్ అన్నీ లోపల జిప్‌లే. ఏదైనా ఒకటి హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. మొదటి రెండు బైట్లు 50, 4బి. అక్షరాల్లో చదివితే పీ, కే.