అరుగుమీద కుంపటి

మా అమ్మమ్మ రోజుల్లో మదనపల్లెలో నగ చేయించడమంటే దుకాణానికి వెళ్ళి అద్దాల బీరువాలోంచి ఏరుకోవడం కాదు. మంచిరోజు చూసి ఆచారికి కబురు పంపేవాళ్ళు. ఆయన ఓ కొయ్యపెట్టె చంకన పెట్టుకుని వచ్చి మా అరుగుమీదే కొలువు తీరేవాడు.

ఆ పెట్టె తెరుస్తుంటే పిల్లలందరం చుట్టూ మూగేవాళ్ళం. కుంపటి, ఊదుగొట్టం, దాగలి, చిట్టిపొట్టి సుత్తులు, పట్టకార్లు, మట్టి మూసలు, తీగ లాగే కమ్మచ్చు, నల్లటి గీటురాయి, బొమ్మ తక్కెడ, అందులోకి గురివింద గింజలు. తొంభైఆరు గింజలైతే తులం. కళ్ళకద్దుకుని మరీ ఒక్కొక్కటి బయటికి తీసేవాడు.

ఆయన పని చేస్తున్నంతసేపూ అమ్మమ్మ పీట వేసుకుని ఎదురుగా కూచునేది. కంసలి చేతికి కన్నతల్లి బంగారమైనా ఒకటేనని మనవాళ్ళ సామెతలు ఘోషిస్తున్నాయి కదా! తరుగు దగ్గర పేచీ పడని యిల్లు వుండేది కాదు. కానీ నాకిప్పుడనిపిస్తుంది, ఆ కాపలాలో యిద్దరికీ లాభమే వుండేదని. "ఆచారీ, ఆ ఆకు అంత లావుగా వుంటే ఏం బాగుంటుంది?" అనేది అమ్మమ్మ. "సన్నం చేస్తే నలుగుతుంది తల్లీ, మీ మనవరాలు వేసుకుంటుందా వద్దా?" అనేవాడాయన. నగ అలా మాటల్లో తయారయ్యేది. ఈనాటి బిల్లుమీద మజూరీ ఒక్కటే వుంటుంది, మాటలుండవు.

ఈ విద్య ఏ బళ్ళోనూ నేర్పేవారు కాదు. కుర్రవాడు ముందు కుంపటి ఊదాలి. ఆ తర్వాత తీగ లాగాలి. కమ్మచ్చులో పెద్ద బెజ్జంతో మొదలుపెట్టి ఒక్కొక్క బెజ్జం తగ్గిస్తూ, తీగ బిరుసెక్కినప్పుడల్లా కాల్చి మెత్తబరుస్తూ, దారమంత సన్నం చెయ్యాలి. అది వచ్చాక కడియలు చుట్టడం. చిట్టచివర టంకం. అతుకు వేసే పొడి బంగారంకంటే రవ్వంత ముందు కరుగుతుంది. వెలిగారం పూసి ఊదుతుంటే నగ ఎర్రబడుతుంది. ఆ ఎరుపులో ఒక్క క్షణం వుంది. దానికి ముందు ఆపితే అతుకు పట్టదు, దాటితే నెలరోజుల పని ముద్దయిపోతుంది. ఆ క్షణాన్ని ఏ తండ్రీ కొడుక్కి మాటల్లో చెప్పలేడు.

వీటన్నిటికంటే పెద్ద బడి మరొకటుంది. మనం చెరిపించడానికిచ్చే పాత నగలు! ఎప్పుడో ఎవరో చేసిన నగ మూసలోకి వెళ్ళేముందు కంసలి చేతికొస్తుంది. అతుకు ఎక్కడ దాచాడు, రాయి ఎలా కూచోబెట్టాడు, లోపల లక్క ఎంత పోశాడు, అన్నీ విప్పి చూసుకుంటాడు. ముఖం చూడని గురువు దగ్గర పాఠం అన్నమాట. చూసుకున్నాక ఆ పాఠాన్ని తన చేత్తోనే కరగబెడతాడు. మన యిళ్ళల్లో మూడు తరాలకు మించిన నగ కనబడకపోవడానికి కారణం దొంగలు కారు, మనమే.

యింతకీ కొత్త బంగారం ఎక్కడిది? ఆ మాటకొస్తే మన ప్రాంతం వాకిట్లోనే గని వుండేది. కుప్పంలో రైలెక్కి బెంగుళూరు వైపు వెళితే గుడుపల్లె, బిసానత్తం దాటాక బంగారుపేట వస్తుంది. అక్కణ్ణించి చీలిన రైలుదారి కోలారు గనులకే. 1802లో వారెన్ అనే తెల్లదొర అక్కడి పల్లెజనం చేత బళ్ళకొద్దీ మట్టి తెప్పించి, తన ఎదుటే కడిగించి, పసిడి రేణువులు చూశాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది, మన వూళ్ళల్లో యింకా ఆముదం దీపాలే! గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్ళింది. 2001 ఫిబ్రవరి 28న మూసేసేలోగా సుమారు 800 టన్నుల బంగారం పైకొచ్చింది. మన కుప్పం వైపున చిగురుగుంట, బిసానత్తంలలో జరిగిన తవ్వకమూ దానితోపాటే ఆగిపోయింది. పాతాళానికి దిగినవాళ్ళల్లో మన తెలుగువాళ్ళూ వున్నారు. ఆ బంగారం మాత్రం కుప్పం కంసలి కుంపటి మొహం చూడకుండానే దాటిపోయేది.

1962లో ఆ గనులు కేంద్ర ఆర్థికశాఖ చేతికి వెళ్ళాయి. అదే ఏడు అక్టోబరులో చైనాతో యుద్ధం. 1963 జనవరిలో అదే శాఖ మంత్రి మొరార్జీ దేశాయి బంగారం నియంత్రణ ఉత్తర్వులు తెచ్చారు. యికమీదట పధ్నాలుగు క్యారట్లకు మించిన కొత్త నగ ఎవరూ చెయ్యకూడదు! దేశంలోకి దొంగ బంగారం రాకుండా, జనానికి బంగారంమీద మోజు తగ్గేలా చెయ్యాలని ఉద్దేశం. మోజు తగ్గలేదు, పని తగ్గింది.

పధ్నాలుగు క్యారట్లంటే నూటికి యాభైఎనిమిది పాళ్ళే బంగారం. మనకలవాటైన యిరవైరెండు క్యారట్లలో తొంభైఒకటిన్నర. తేడా రంగులోనే కాదు, చేతికి తెలుస్తుంది. రాగి పాలు ఎక్కువైన లోహం ఎదురుతిరుగుతుంది. మాటిమాటికీ కాల్చాలి, కాల్చినప్పుడల్లా నల్లబడుతుంది. యిరవై ఏళ్ళు సాధన చేసిన చెయ్యి మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాలి. దిద్దుకున్నా కొనేవాళ్ళెవరు? తాళిబొట్టు తక్కువ బంగారంతో చేయించే తల్లి ఏ వూళ్ళో వుంది? దేశమంతటా లక్షల కుటుంబాల కుంపట్లు చల్లారాయి. కంసలుల ఆత్మహత్యల మాట పార్లమెంటుదాకా వెళ్ళింది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆచారి ఒకరోజు పెట్టె లేకుండా వచ్చాడు. అరుగు ఎక్కలేదు, కిందనే నిలబడ్డాడు. "ఇత్తడి గిన్నెకు మాటు వేసేదున్నా ఇవ్వండమ్మా" అన్నాడు. అమ్మమ్మ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి చిల్లిపడిన చెంబు ఒకటి వెతికి తెచ్చింది. అది నిజంగా చిల్లిపడిందో లేదో నాకీనాటికీ తెలీదు.

పుంగనూరులో మా పిన్ని వుండేది. అక్కడ జమీందారీ వుండగా బంగారుపనికి ఆదరువుండేదట, 1948 చట్టంతో జమీలే పోయాయి. యిక మిగిలింది సుగుటూరు గంగమ్మ. నియంత్రణ బంగారానికేగాని వెండికి లేదు కదా. అమ్మవారికి మొక్కుకునే వెండి కళ్ళు, పిల్లలకు మొలతాళ్ళు, పట్టీలు చేసుకుంటూ తన వీధి ఆచారి ఆ ఏడు నెట్టుకొచ్చాడని పిన్ని చెప్పేది. ఆ కళ్ళల్లోనే రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటీ చెక్కేవాడట. అడిగినవాళ్ళు లేరు, అదనంగా యిచ్చినవాళ్ళూ లేరు. చెయ్యి మొద్దుబారకుండా వుండాలిగా అనేవాడట.

ఆ సెప్టెంబరులో సర్కారు కొంచెం దిగివచ్చింది. పాత నగ తెచ్చిస్తే దాన్ని చెరిపి అదే మాటు బంగారంతో చేసి యివ్వచ్చన్నారు. 1966లో పధ్నాలుగు క్యారట్ల నిబంధన పూర్తిగా పోయింది. 1968లో వేరే చట్టమొచ్చి, అది 1990దాకా కంసలి దగ్గర ఎంత బంగారముండచ్చో లెక్కలడుగుతూనే వుంది. కానీ విద్య బతికింది ఆ సెప్టెంబరు సందులోంచే అని నా నమ్మకం.

అమ్మమ్మ తన కంటె తీసి యిచ్చింది. ఆవిడ అత్తగారిది, ఇంట్లో వున్నవాటిల్లో అన్నిటికంటే పాతది. నాకు రెండుపేటల గొలుసు చెయ్యమంది. ఎనిమిదేళ్ళ పిల్లకు రెండుపేటల గొలుసు ఏమవసరమని తాతయ్య విసుక్కున్నాడు. ఆచారి కంటెను చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఒక్క దినం వుండనీండమ్మా, చూసుకుంటాను" అన్నాడు. మర్నాడు సాయంత్రందాకా మూస బయటికి తియ్యలేదు. మైనం ముద్దమీద అటూ యిటూ అచ్చు తీసుకున్నాడు. తర్వాత తలొంచుకుని కరగబెట్టాడు.

ఈమధ్య ఆ గొలుసులో ఒక కడియ అరిగితే ఆచారి మనవడి దగ్గరికి తీసుకెళ్ళాను. అతను నగ బొమ్మ కంప్యూటర్లో గీస్తాడు, మైనపు అచ్చు యంత్రమే తీస్తుంది, పోతపోసి మెరుగుపెట్టడమే మిగులుతుంది. హాల్‌మార్కు ముద్రకు పంపిస్తాడు. 2021 నుంచి అది జిల్లాలవారీగా తప్పనిసరి చేశారు, మా అమ్మమ్మ పీట పని యిప్పుడు ఆ ముద్ర చేస్తోంది. పని బాగానే వుంటుంది, అబద్ధమెందుకు. గొలుసు తూచి, కరిగించి కొత్తది తీసుకోమన్నాడు. యింతలో కొక్కెం దగ్గర ఆగాడు. భూతద్దం పెట్టుకున్నాడు.

గొలుసంతా ఒక చేతి పని, కొక్కెం యింకో చేతిది. గోరంత చిలక, దాని రెక్కమీద ఈకలు లెక్కపెట్టచ్చు. కంటెకుండేదది. వాళ్ళ తాత దాన్ని మూసలో వెయ్యలేదు, ఎవరికీ చెప్పకుండా నా గొలుసుకు అతికేశాడు. అరవైఏళ్ళు మెళ్ళో వేసుకున్నాను, నేనూ చూడలేదు.

"దీన్ని ఒక్క దినం వుంచిపోతారా అవ్వా?" అన్నాడు.