పట్టా లేనివారికి పనితనపు పత్రము

ఉన్న ఊరు విడిచి వచ్చినవానికి పని వెదకుకొనుట ఒక ఎత్తు. తనకు పని వచ్చునని ఎదుటివానిని నమ్మించుట మరియొక ఎత్తు. స్వగ్రామములో ‘ఫలానా కమ్మరి కొడుకు’ అన్న మాట చాలును. పరాయి చోట ఆ మాట చెల్లదు. కళాశాలలో చదివినవానికి పట్టా ఉన్నది. చదువనివాని చేతిలోని విద్యకు సాక్ష్యమెవరు? మన దేశమున ఈ ప్రశ్నకు సమాధానము దొరకిన వైనమును ఈ ఉగాది సంచికలో మనవి చేయుచున్నాము.

ఈ శిక్షణ మొదట యుద్ధావసరముల కొరకు పుట్టినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1940లో, కర్మాగారములకు పనివారు చాలక ప్రభుత్వము సాంకేతిక శిక్షణ పథకమును పెట్టినది. 1941 నుండి బెవిన్ పథకము క్రింద కొందరు పనివారిని ఇంగ్లండునకు పంపి తరిఫీదు ఇప్పించిరి. 1945లో సైన్యము నుండి తిరిగి వచ్చినవారికి పని నేర్పుటకు ప్రత్యేక శాఖ ఏర్పడినది. దేశవిభజన పిదప కాందిశీకులకును ఆ తలుపులు తెరచిరి. 1950 నాటి పథకముతో సామాన్య పౌరుల కొరకు పారిశ్రామిక శిక్షణ సంస్థలు వెలసినవి. నేడు మనము ఐటిఐ అనునవి అవియే.

1952లో ఈ వ్యవస్థను పరిశీలించుటకు శివరావు కమిటీ ఏర్పడినది. అప్పటి కేంద్ర కార్మిక మంత్రి శ్రీ వి. వి. గిరి గారు మన బరంపురమున 1894లో జన్మించినవారు, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను నడిపిన నాయకులు. 1956 నవంబరు 1న, అనగా ఆంధ్రప్రదేశ్ అవతరించిన దినముననే, శిక్షణాలయముల నిర్వహణ రాష్ట్రములకు అప్పగింపబడినది. అయితే పాఠ్యక్రమమును, ప్రమాణములను నిర్ణయించుటకు అదే సంవత్సరము జాతీయ మండలి ఏర్పడినది. శిక్షణాలయము ఏ రాష్ట్రముదైనను జాతీయ వృత్తి పత్రము దేశమంతట ఒక్కటే. ఎల్లలు దాటి బ్రతుకు మనవంటివారికి ఇంతకు మించిన మేలేమున్నది?

1961 నాటి అప్రెంటిసుల చట్టముతో, నిర్ణీత పరిశ్రమల యజమానులు భృతి ఇచ్చి పని నేర్పుట విధి అయినది. నేర్చినవానికి కొలువు ఇచ్చి తీరవలెనని మాత్రము ఆ చట్టము నిర్బంధింపలేదు. కనుక పత్రము చేతికి వచ్చినంతనే బ్రతుకు గడవదు. పని అడుగుటకు నోరు మాత్రము వచ్చును.

కళాశాలకు పోలేని బిడ్డను చూచి మన ఇండ్లలో నేటికిని నిట్టూర్చువారు కలరు. అట్టి పెద్దలకు మా విన్నపము ఒక్కటే. ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను పనులను చిన్నచూపు చూడవలదు. ఊరుగాని ఊరిలో మన తాతలకు లేని సాక్ష్యము నేడు మన బిడ్డలకు దొరకుచున్నది. దానిని అందిపుచ్చుకొనునట్లు చేయుట మన వంతు.