పల్నాట బొమ్మల కథనం, విద్యార్థుల సాధన

బొమ్మలను వరుసగా పేర్చి కథ చెప్పడాన్ని దృశ్య కథనం అంటారు. ఫోటోగ్రఫీ, వీడియో నేర్పే విద్యాసంస్థల్లో విద్యార్థికి తొలినాళ్లలో అప్పగించే అభ్యాసాలు ఎక్కువగా దీనికి సంబంధించినవే. ఒక పని ఎలా మొదలై ఎలా ముగిసిందో మాటల సాయం లేకుండా, కొద్దిపాటి చిత్రాలతో, చూసేవారికి అర్థమయ్యేలా చెప్పగలగాలి. ఈ సాధన కెమెరాతోనే పుట్టిందని భావించడం పరిపాటి అయినా, పల్నాడు చరిత్ర ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోదు.

క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధానిగా వెలిగిన విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండలో, శిల్పులు లేతపచ్చ ఛాయగల పలనాటి సున్నపురాతిపై బుద్ధుని జీవితాన్నీ జాతక కథలనూ చెక్కారు. పొడవాటి దూలపు రాళ్లపై ఒక ఘట్టానికీ మరో ఘట్టానికీ నడుమ స్త్రీపురుషుల జంటను నిలిపి, ఒక సన్నివేశం ముగిసి ఇంకొకటి మొదలవుతోందని చూపరికి తెలియజేశారు. నేటి వీడియో కూర్పులో దృశ్యాలను విడదీసే పని కూడా ఇదే. సిద్ధార్థుని జననాన్ని చూపిన తీరు ఇంకా నిశితమైనది. చెట్టుకొమ్మ పట్టుకొని మాయాదేవి నిలబడి ఉంటుంది, పక్కన దేవతలు పొడవాటి వస్త్రం పట్టుకొని ఉంటారు, ఆ వస్త్రంపై చిన్న పాదముద్రలు మాత్రమే కనిపిస్తాయి. శిశువును చూపకుండానే శిశువు పుట్టాడని చెప్పిన ఆ శిల్పి ప్రజ్ఞ, దేన్ని చూపాలి, దేన్ని వదిలేయాలి అన్న ప్రశ్నతో సతమతమయ్యే ప్రతి విద్యార్థికీ పాఠం కాదగినది.

నాగార్జునకొండ లోయలోకి కెమెరా పురావస్తు శాఖ వెంట వచ్చింది. 1927 నుంచి 1931 వరకు తవ్వకాలు జరిపిన ఎ. హెచ్. లాంగ్‌హర్స్ట్ 1938లో వెలువరించిన గ్రంథంలో ఇక్కడి శిల్పాల ఛాయాచిత్రాలు చేరాయి. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాది పడగా, ముంపునకు ముందే 1954-60 మధ్య విస్తృత తవ్వకాలు సాగి, శిల్పాలు కొండపైని ప్రదర్శనశాలకు చేరాయి.

ఇక బడిలో నేర్పే సాధన సంగతికి వస్తే, అభ్యాసాల ద్వారా చలనచిత్ర విద్య నేర్పే పద్ధతికి 1919లో మాస్కోలో స్థాపించిన చలనచిత్ర పాఠశాల తొలినాటి ఉదాహరణ. ముడి ఫిల్ము దొరకని ఆ రోజుల్లో అక్కడి బోధకుడు లెవ్ కులెషోవ్ శిష్యులు ఫిల్ము లేకుండానే సన్నివేశాలు రూపొందించి సాధన చేశారు. మన దేశంలో 1960లో పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. హైదరాబాదులో 1940లో మొదలైన లలితకళల కళాశాల పరంపరలో ఫోటోగ్రఫీ కూడా పట్టా స్థాయి చదువుగా నిలదొక్కుకుంది.

అయితే తెలుగునాట ఈ చదువు అత్యంత లోతుగా పాతుకున్న చోటు విశ్వవిద్యాలయం కాదు, జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్. అక్కడి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, దూరదర్శన్‌లో కార్యక్రమాలు రూపొందించిన పి. వి. సతీశ్ చొరవతో, అక్షరాలు రాని దళిత మహిళారైతులు వీడియో నేర్చుకున్నారు. కెమెరా ఎత్తును బట్టి దృశ్యానికి అర్థం మారుతుందన్న పాఠాన్ని వారు తమ బతుకులోంచే గ్రహించారు. పైనుంచి కిందికి చూసే దృశ్యం దొర చూపు కనుక దాన్ని ‘పటేల్ షాట్’ అన్నారు. కంటికి కన్ను సమానంగా ఉండే దృశ్యాన్ని, సంఘంలో అందరూ నేలమీద కలిసి కూర్చుంటారు కనుక, ‘సంఘం షాట్’ అన్నారు. పాఠ్యపుస్తకంలో కోణంగా మాత్రమే మిగిలే విషయం వీరి చేతుల్లో న్యాయాన్యాయాల విచక్షణ అయింది. ఈ మహిళలే వరంగల్ పత్తిరైతుల మధ్య తిరిగి, బీటీ పత్తి వల్ల వారికి కలిగిన నష్టాన్ని 2003లో చిత్రంగా తీశారు.

పత్తి, మిరప పండే బొల్లాపల్లికి పస్తాపూర్ అనుభవం పరాయిది కాదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో, నల్లమల అంచున ఉన్న ఈ మండలపు పిల్లల చేతికి నేడు ఫోను కెమెరా సులువుగా అందుతోంది, కొరవడింది అభ్యాసమే. కోసిన మిరపను కళ్లంలో ఆరబోయడం, తాలుకాయలు ఏరి వేరు చేయడం, గోతాల్లో తొక్కి నింపి టిక్కీలుగా కుట్టడం, గుంటూరు యార్డుకు లారీకి ఎత్తడం అన్న క్రమాన్ని ఎనిమిది ఫోటోల్లో చెప్పమనడం చక్కని తొలి అభ్యాసం కాగలదు. దూరం నుంచి కళ్లమంతా కనిపించే ఒక చిత్రం, మనుషుల పని తెలిసే మధ్యదూరపు చిత్రాలు, కాయ ఏరే వేళ్లకు దగ్గరగా ఒకటి ఉంటే కథ నిలబడుతుంది. ఇక్కడి ఉపాధ్యాయులు విద్యార్థులను ఒక్కసారైనా నాగార్జునకొండ ప్రదర్శనశాలకు తీసుకువెళ్లి, ఆ పాదముద్రల వస్త్రం ముందు నిలబెట్టి, తర్వాత కళ్లానికి పంపాలి.