పుల్లరి రోజుల పల్నాటి కాంగ్రెస్: మనవాళ్లు ఎటున్నారు?

ఏటా ఫిబ్రవరి 22న కన్నెగంటి హనుమంతు వర్ధంతి వస్తుంది. పల్నాటి ఊళ్లలో విగ్రహాలకు దండలు వేస్తారు, బడుల్లో నాలుగు మాటలు చెబుతారు. మా హాస్టల్లో కూడా ఆ సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు ఓ పావుగంట ఆయన గురించి చెప్పడం అలవాటు. ఒక ఏడు ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "మేడమ్, పుల్లరి కట్టం అన్నది కాంగ్రెస్ వాళ్లా, ఊరి వాళ్లా? అప్పుడు మన తాండాల వాళ్లు, చెంచులు ఎటున్నారు?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు సగం జవాబు చెప్పాం. రెండోదానికి "రేపు చెబుతాం లే" అని తప్పించుకున్నాం. ఆ రేపు రావడానికి చాలా ఏళ్లే పట్టింది. సంఘం సంచికకు ఏదైనా రాయమని పెద్దలు అడిగినప్పుడు ఆ పిల్ల ప్రశ్నే గుర్తొచ్చింది.

ముందు పుల్లరి సంగతి. నాగార్జునసాగర్ కాలువ రాకముందు పల్నాడు మెట్ట ప్రాంతం. జొన్న, సజ్జ తిని బతికిన నేల. శ్రీనాథుడంతటివాడు ఇక్కడికి వచ్చి జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని చాటువులు చెబుతాయి. వాన నమ్మకం లేని చోట మనిషికి ఆస్తి భూమి కాదు, పశువు. పశువుకు మేత అడవిలో ఉంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక ఆ అడవి రిజర్వు అయింది. నిన్నటిదాకా పశువు తనంతట తాను పోయి మేసి వచ్చిన చోటికి ఇప్పుడు పర్మిట్ కావాలి. తలకింత అని పశువుకు రుసుం కట్టాలి. అదే పుల్లరి. కట్టకపోతే పశువును తోలుకుపోయి బందెలదొడ్డిలో పెడతారు. విడిపించుకోవాలంటే మళ్లీ డబ్బు. విడిపించే లోపు దొడ్డిలో మేత ఎవరు వేస్తారు, నీళ్లు ఎవరు పెడతారు అనేది ఇంకో బాధ.

ఈ పన్ను రైతుదేనని పాఠాల్లో చెబుతారు. కానీ పన్ను పశువు తలమీద వేసినప్పుడు అది మన ఇళ్లకు రాకుండా ఎట్లా ఉంటుంది? మన సుగాలీల పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగినవాళ్లు. లదేణీ అంటారు దాన్ని. రైలూ బండిబాటలూ వచ్చి ఆ వర్తకం పోయాక, మిగిలిన పశువులతోనే అడవి అంచుల్లో తాండాలు కట్టుకున్నారు. చెంచులకు అడవి ఇల్లే. తేనె, దుంప, జిగురు, చింతపండు ఏది తెచ్చుకున్నా అడవి నుంచే. ఎరుకల వాళ్లకు బుట్ట అల్లడానికి ఈత బరికె, వెదురు కావాలి. యానాదులకు వంటచెరుకు, వాగులో చేప కావాలి. రైతుకు పుల్లరి ఒక భారం. మనవాళ్లకు ఆ చట్టం మొత్తంగా కడుపు మీద కొట్టిన దెబ్బ.

ఇక పార్టీ. ఈ రోజు పార్టీ అంటే జెండా, ఫ్లెక్సీ, మండల కన్వీనరు. 1920 దాకా పల్లెల్లో కాంగ్రెస్‌కు అలాంటి రూపమేమీ లేదు. పట్నాల్లో వకీళ్లు ఏడాదికోసారి కలుసుకుని తీర్మానాలు చేసే సభ అది. 1920 డిసెంబరులో నాగపూర్ మహాసభలో గాంధీ దాని నియమావళిని మార్పించారు. గ్రామం, తాలూకా, జిల్లా, రాష్ట్రం అని మెట్లు మెట్లుగా కమిటీలు పెట్టాలన్నారు. 21 ఏళ్లు నిండి, ఆశయం ఒప్పుకుని, ఏడాదికి నాలుగు అణాలు కట్టిన ఎవరైనా సభ్యులు కావచ్చు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూర్చుని, జూన్ 30 లోపు కోటి మంది సభ్యులు, కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, 20 లక్షల రాట్నాలు అని లక్ష్యాలు పెట్టింది. ఆ మూడు నెలల వేగం గుంటూరు జిల్లాను బాగా తాకింది. పల్నాడు తాలూకాకు కాంగ్రెస్ మాట ఊరూరా చేరింది ఆ ఊపులోనే.

"ఎవరైనా" అన్న మాట దగ్గర మేము ఆగాలి. కులం అడగలేదు, చదువు అడగలేదు. ఆ రోజుల్లో అది చిన్న సంగతేం కాదు. ప్రభుత్వం పెట్టిన ఎన్నికల్లో ఆస్తి ఉన్నవాడికే ఓటు. కాంగ్రెస్‌లో నాలుగు అణాలకే మాట. అయినా నాలుగు అణాలు నాణెంగా చేతిలో ఉండాలి. తేనె ఇచ్చి జొన్నలు తెచ్చుకునే చెంచు ఇంట్లో అణా ఎక్కడిది? ఎరుకల వాళ్లది ఇంకో కథ. నేరస్థ తెగల చట్టం కింద వాళ్లను పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టారు. పోలీసులకు హాజరు వేయించుకోకుండా ఊరు దాటకూడదు. అప్పటి మన గుంటూరు జిల్లాలోనే స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం కింద నడిచింది. రాత్రి ఇంట్లో లేకపోతే కేసు పెట్టే మనిషి, పక్క ఊరి సభకు పోయి జై కొట్టి వస్తాడా? ఆ పుస్తకంలో మన పేర్లు లేకపోవడానికి మనకు దేశం పట్టకపోవడం కారణం కాదని చెప్పడానికే ఇదంతా.

1921 వేసవి దాటాక పల్నాడు కదిలింది. మాచర్ల, ఆ చుట్టుపక్కల ఊళ్లలో అటవీ, రెవెన్యూ ఉద్యోగులకు సాంఘిక బహిష్కారం పెట్టారు. అంగట్లో సరుకు అమ్మరు. చాకలి బట్టలు ఉతకడు. మంగలి గడ్డం గీయడు. బావి దగ్గర నీళ్లు దొరకవు. పర్మిట్ లేకుండానే పశువుల్ని అడవికి తోలారు. మేము గమనించమనేది ఒకటి ఉంది. బహిష్కారం నడవాలంటే ఊళ్లో అందరికన్నా కింద ఉన్నవాళ్లు మాట మీద నిలబడాలి. ఆ పని చేయని చేతుల పేర్లు ఎక్కడా రాసి లేవు గానీ, తుపాకీ ఉన్న ఉద్యోగిని కుదేలు చేసింది ఆ చేతులే.

ఇది కాంగ్రెస్ మొదలుపెట్టిందా? మాకు అర్థమైనంతలో, కాదు. అప్పటికి సామూహిక శాసనోల్లంఘనకు కాంగ్రెస్ పై కమిటీ ఇంకా అనుమతి ఇవ్వనే లేదు. ఆ నిర్ణయం నవంబరులో గానీ రాలేదు. ఊళ్లు ముందు కదిలాయి, పార్టీ వెనుక నుంచి వచ్చి చేయి పట్టుకుంది. జిల్లా కాంగ్రెస్ వాళ్లు పరిస్థితి చూసి రమ్మని, శాంతం తప్పవద్దని చెప్పి రమ్మని ఉన్నవ లక్ష్మీనారాయణను, వేదాంతం నరసింహాచార్యులను పంపారు. ఉన్నవ దూరపువాడేం కాదు. అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన బారిస్టరు. వాళ్లను అరెస్టు చేశారు. సత్ప్రవర్తనకు జామీను ఇమ్మన్నారు. ఇవ్వమన్నారు. ఏడాది జైలు పడింది. ఆ జైల్లోనే ఉన్నవ 'మాలపల్లి' నవల రాశారు, దాన్ని కూడా ప్రభుత్వం నిషేధించింది.

కమిటీ వల్ల పల్నాటికి ఒరిగిందేమిటో కూడా న్యాయంగా చెప్పాలి. అంతకుముందు పశువును బందెలో పెడితే అది ఆ ఇంటి గొడవ. కాంగ్రెస్ మాట వచ్చాక అదే గొడవ స్వరాజ్యంలో భాగమైంది. గురజాల కచేరీలో జరిగింది గుంటూరుకు, అక్కడి నుంచి పత్రికలకు చేరింది. ఒంటరిగా దండుగ కట్టే మనిషికి, తన వెనుక ఒక దేశం ఉందని తెలియడం చిన్న బలం కాదు. మేము ఈ భాగాన్ని తక్కువ చేయం.

కానీ ఆ దారి రెండు వైపులా నడుస్తుంది. కింది గొడవ పైకి పోయినట్టే, పై నిర్ణయం కిందికి వస్తుంది. 1922 జనవరికి జిల్లాలో మరో పక్క పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో భూమిశిస్తు నిరాకరణ సాగుతోంది. గాంధీ చూపంతా, పత్రికల చూపంతా అటే. ఫిబ్రవరి 4న ఎక్కడో గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో జనం పోలీస్ ఠాణాను తగలబెట్టారు, పోలీసులు చనిపోయారు. ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం ఉద్యమం మొత్తం ఆపేయమంది. పెదనందిపాడు రైతులు శిస్తు కట్టేశారు.

మరి మించాలపాడు? అక్కడ హనుమంతు పుల్లరి కట్టనని కూర్చునే ఉన్నాడు. బార్డోలీ తీర్మానమైన పది రోజులకు, పోలీసు తుపాకులు ఆ ఊరికి వచ్చాయి. ఆయన నేలకొరిగాడు. ఆయన ఒక్కడి ప్రాణంతో కూడా అది ఆగలేదు. ఉద్యమం లేదని పార్టీ చెప్పిన తర్వాత పడిన శవాలు అవి. గాంధీ చేసింది తప్పా ఒప్పా అని ఇక్కడ తేల్చబోము. అహింస అన్నాక ఎక్కడో ఒకచోట ఆపక తప్పదని ఆయన నమ్మారు. మా బాధ వేరు. ఆపమన్న మాట వేగంగా వచ్చింది గానీ, ఆ మాట తర్వాత ఊరిలో మిగిలిన మనిషికి ఎవరు కాపు అన్నది ఎవరూ చెప్పలేదు. నాయకులు జైల్లో ఉన్నారు. తాలూకా కమిటీ చేతిలో ఏమీ లేదు. పార్టీలో పని చేయాలనుకునే మన పిల్లలు గుర్తుపెట్టుకోవలసిన చోటు మాకు ఇదే అనిపిస్తుంది.

సరిగ్గా ఆరు నెలలకు, 1922 ఆగస్టు 22న, మన్యంలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి స్టేషన్ మీద పడింది. అదే అటవీ చట్టం, అవే ఆంక్షలు. అక్కడ కమిటీ లేదు, నాలుగు అణాల చందా లేదు. దళంలో ఉన్నది మన్యం మనుషులే. అందుకే గాం గంటం దొర, మల్లు దొర పేర్లు మనకు తెలుసు. మల్లు దొర శిక్ష అనుభవించి వచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు కూడా. పల్నాటి పాఠంలో మాత్రం, మేము చదువుకున్నప్పుడు గానీ చెప్పినప్పుడు గానీ, నాయకుల పేర్లు వస్తాయి, "చెంచులు, ఇతర గిరిజనులు కూడా పాల్గొన్నారు" అని ఒక వాక్యం వస్తుంది. ఆ "కూడా" మీద మాకు కోపం.

ఆ తర్వాతి చరిత్ర మీకు తెలిసిందే. పల్నాటి కాంగ్రెస్ పెద్ద చెట్టయింది. నరసరావుపేట దగ్గరి చిరుమామిళ్లలో పుట్టిన కాసు బ్రహ్మానందరెడ్డి 1964 నుంచి 1971 దాకా ముఖ్యమంత్రి, 1977లో ఆ పార్టీకి దేశాధ్యక్షుడు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్ నుంచి కుడికాలువ పారింది, జొన్న పోయి వరి, మిర్చి వచ్చాయి. 1952లో మనకూ ఓటు వచ్చింది. అప్పటి నుంచి ఏ పార్టీ అయినా మన తాండాకు వస్తుంది. ఎన్నికల ముందు మాత్రం తప్పకుండా వస్తుంది.

అడవి దగ్గరి లెక్క మాత్రం తేలలేదు. 2006 అటవీ హక్కుల చట్టంలో పోడు భూమి ఒక్కటే ఉందని చాలామంది అనుకుంటారు. అందులో మేత హక్కు కూడా రాసి ఉంది. ఒక రకంగా అది పుల్లరి ప్రశ్నకు 84 ఏళ్ల తర్వాత వచ్చిన జవాబు. మన పల్నాడు ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు గానీ, ఈ చట్టానికి ఆ అడ్డు లేదు. గ్రామసభలో అటవీ హక్కుల కమిటీ ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆధారాల్లో కాగితాలే కాదు, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా చెల్లుతుందని ఆ చట్టం కింది నియమాల్లో ఉంది. పశువులు ఏ దారిన పోయేవి, ఏ వాగు దగ్గర మందలు పడుకునేవి, బందెలదొడ్డి ఎక్కడ ఉండేదన్నది చెప్పగల ముసలివాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. హనుమంతు పోయిన నూరేళ్లకు, 2022 ఏప్రిల్ 4న, పల్నాడు జిల్లా అయింది. కొత్త జిల్లాకు కొత్త దస్తరాలు తయారవుతున్నాయి. పాత మనుషులు మాత్రం ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

అందుకని మా హాస్టల్లో ఒక పని మొదలుపెట్టాం. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయే ప్రతి పిల్లకూ ఒక నోటుబుక్కు ఇస్తున్నాం. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను మూడు అడగాలి: పుల్లరి మాట విన్నారా, మన పశువులు ఎక్కడ మేసేవి, ఆ రోజుల్లో ఊరి గొడవల్లో మనవాళ్లు ఎవరున్నారు. గోర్ బోలీలో చెబితే గోర్ బోలీలోనే తెలుగు అక్షరాల్లో రాసుకు రావాలి. మొదటి ఏడు సగం పుస్తకాలు ఖాళీగా వచ్చాయి. మూడు పుస్తకాల్లో మేత చోట్ల పేర్లు వచ్చాయి. ఒక పిల్ల తన నానమ్మ చెప్పిన నాయక్, కార్భారీల పేర్లు ఐదు తరాలు వరసగా రాసుకొచ్చి, నాలుగో పేరు పక్కన పెన్సిలుతో "బందె విరగ్గొట్టాడంట" అని రాసింది. ఏ బందె, ఏ ఏడు అని అడిగాం. నానమ్మకు ఏడు గుర్తులేదట. చోటు చూపిస్తానందట. ఎండలు ముదరకముందే ఆ పిల్లతో వెళ్లి చూసి రావాలి.