సర్కారు దస్త్రాలలో ఆటిజం – కొంత చరిత్ర

చరిత్ర వ్యాసమంటే నవాబుల కాలమో, పాత మస్జిదుల శాసనాలో ఉండాలని మన పెద్దలు కొందరు ఆశిస్తారు. ఈసారి మేము రాయదలచినది వేరే చరిత్ర. అది కలెక్టరాఫీసు మెట్లమీద, ఆసుపత్రి వరండాలలో జరిగింది. మన సభ్యుల ఇళ్ళలో ఆటిజం ఉన్న పిల్లలు ఒకరిద్దరు కాదు, ఇంకా ఉన్నారు. వారి తల్లిదండ్రులకు ఈ నాలుగు ముక్కలు పనికి వస్తాయని రాస్తున్నాము.

పిల్లవాడికి మాట ఆలస్యంగా రావటం, పిలిస్తే పలకకపోవటం, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయటం, చిన్న మార్పు వచ్చినా తట్టుకోలేకపోవటం – ఇటువంటి లక్షణాలను ఒకచోట చేర్చి 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాశాడు. ఆటిజం అనే పేరు అక్కడినుంచి స్థిరపడినది. మన ఊళ్ళలో మాత్రం చాలాకాలం ఆ పేరే తెలియదు. "గాలి సోకింది" అనేవారు, దర్గాకు తీసుకుపోయేవారు, తావీజు కట్టించేవారు. వారిని తప్పుపట్టి లాభం లేదు. సర్కారుకు కూడా అంతకంటే ఎక్కువ తెలియదు కదా!

1912 నాటి లూనసీ చట్టంలో బుద్ధి ఎదగనివారిని, మతి చలించినవారిని కలిపి ఒకే మాటకింద వేశారు. ఆ చట్టం పోయి 1987లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది, అది 1993లో అమలైనది. అందులో బుద్ధిమాంద్యాన్ని బయట పెట్టారు. ఆటిజం ఊసే లేదు. తరువాత 1995 వికలాంగుల చట్టం వచ్చింది. గుడ్డితనం, చూపు తక్కువ, కుష్ఠు నయమైనవారు, చెవుడు, కాలుచేతుల అవిటితనం, బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు – మొత్తం ఏడు. ఈ ఏడింటిలో లేనివాడు సర్కారు లెక్కన వికలాంగుడే కాడు.

ఈ లోటువల్ల ఏమైందో మా ఇంటి సంగతి చెబితే తెలుస్తుంది. మా ఆపా కొడుకుకు రైళ్ళ టైములన్నీ నోటికి వచ్చు, కాని ఆకలేస్తుందని చెప్పలేడు, రోడ్డు ఒంటరిగా దాటలేడు. వాడికి పదేళ్ళప్పుడు సర్టిఫికెట్టు కోసం ఒక ఆసుపత్రికి తీసుకుపోయాము. ఆటిజానికి కాలమ్ లేదు గనుక బుద్ధిమాంద్యం కింద ఐక్యూ పరీక్ష పెట్టారు. 2001 నాటి మార్గదర్శకాల ప్రకారం ఐక్యూ 50 నుంచి 69 వరకైతే 50 శాతం, 70 నుంచి 79 వరకైతే 25 శాతం. మావాడు రెండవ మెట్టులో పడ్డాడు. రాయితీలకు కనీసం 40 శాతం కావాలి. అక్కడి గుమాస్తా, పాపం మంచివాడే, "మాస్టారూ, మీవాడు తెలివైనవాడు, సంతోషించండి" అన్నాడు. ఆపా ఆ మాటకు ఏడ్చింది. తెలివి ఉన్నదని ఎవరు కాదన్నారు?

చట్టంలో మార్పు ఊరికే రాలేదు. తల్లిదండ్రులు కదిలారు. ఢిల్లీలో 1991లో మెర్రీ బారువా ప్రారంభించిన యాక్షన్ ఫర్ ఆటిజం వంటి సంస్థలు వెంటబడ్డాయి. 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. ఆటిజం అనే మాట చట్టం పేరులోనే చేరింది. అయితే అది సంరక్షకుల సంగతి చూసే చట్టం, శాతాల సర్టిఫికెట్టు మాత్రం 1995 చట్టం కిందే ఇవ్వాలి. అంటే ఒక చట్టానికి మావాడు తెలుసు, రెండవదానికి తెలియదు! ఈ చిత్రం 17 ఏళ్ళు నడిచింది.

కొలత కూడా కావలసి వచ్చింది. అది తయారైనది మన సికింద్రాబాదులోనే. బోయినపల్లిలో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థవారు ఇండియన్ స్కేలును రూపొందించగా 2009లో విడుదలైనది. 40 ప్రశ్నలు. మార్కులు 70కి తక్కువైతే ఆటిజం లేనట్లు, 106 వరకు స్వల్పం, 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. చివరకు 2016 డిసెంబరులో కొత్త వికలాంగుల హక్కుల చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ 19న అమలైనది. ఏడు కాస్తా 21 అయినవి, ఆటిజం వాటిలో ఒకటి. కొలిచే పద్ధతి 2018 జనవరిలో గెజెట్టులో వచ్చింది. మావాడికి సదరం క్యాంపులో ఆటిజం అని రాసిన కాగితం ఆ తరువాతనే చేతికి వచ్చింది. అప్పటికి వాడికి మీసాలు వచ్చినవి.

కాగితం రావటానికి ముందు ఇంకొక తిప్పలు పడ్డాము, అది ముఖ్యంగా మనవారిది. ఉర్దూలో షేక్ అనే మాటకు షీన్, యే, ఖే – ఒకటే రాత. ఇంగ్లీషులోకి పోయేసరికి జనన సర్టిఫికెట్టులో ఒక తీరు, బడి రికార్డులో ఒక తీరు, ఆధారులో వట్టి ఎస్కే. కంప్యూటరు ముగ్గురు మనుషులనుకుంది. "పేరు కలవటంలేదండీ, రేపు రండి" అంటూ నాలుగు వారాలు తిప్పారు. బిడ్డను బడిలో చేర్చేనాడే అన్ని కాగితాలలో ఒకటే స్పెల్లింగు రాయించండి. మా బడిలో అడ్మిషను రిజిస్టరు రాసేటప్పుడు మేము ఆధారు పక్కన పెట్టుకునే రాస్తాము.

18 నిండినవారి తల్లిదండ్రులు ఇది గమనించాలి. ఆ వయసు దాటితే కన్నతండ్రి సంతకం కూడా చెల్లదు. బ్యాంకు ఖాతాకు, ఆస్తికి సంరక్షకుని నియామకం కావాలి. దానికి కోర్టుకు పోనక్కరలేదు. నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లాకొక స్థానిక కమిటీ ఉంటుంది: కలెక్టరు, రిజిస్టరైన సంస్థ ప్రతినిధి ఒకరు, వికలాంగుడు ఒకరు. ఫారం ఏ పెట్టుకుంటే విచారించి ఫారం బి ఇస్తారు. ఆరు నెలలలోపు బిడ్డ ఆస్తి జాబితా, ఆపైన ఏటేటా లెక్కలు దాఖలు చెయ్యాలి. 2016 చట్టం మాత్రం మనిషి ఇష్టాన్ని అడిగి, అతనితో కలిసి నిర్ణయించే పరిమిత సంరక్షణవైపు మొగ్గింది. రెంటికీ పొత్తు ఇంకా పూర్తిగా కుదరలేదని మా అభిప్రాయం. మావాణ్ణి కమిటీ ముందు ఎవరితో ఉంటావని అడిగితే "అమ్మీ" అని మూడుసార్లు చెప్పాడు. అది రాసుకున్నారు.

ఇప్పుడు ఆపాకు అరవై దాటినవి. ఆమె తరువాత సంరక్షకుడిగా పెద్దకొడుకును చేర్చమని పోయిన నెలలో దరఖాస్తు ఇచ్చాము. రసీదు నంబరు వేయించుకున్నాము. అది సొసైటీ ఆఫీసు బీరువాలో, మిగతా కాగితాల నకళ్ళతోపాటు ఉంది. నమూనా కావలసినవారు జుమా తరువాత వచ్చి చూసుకోవచ్చు.