ద్విపత్రకవాట వ్యాధియు హృదయచిత్రణ చరిత్రయు

దేహమును కోయకుండ లోపలి గుండెను చూడవలెనను కోరిక వైద్యులకు చిరకాలము కోరికగానే నిలిచియుండెను. 1816లో పారిస్ నగరమున లెన్నెక్ స్టెతస్కోపును కల్పించిన పిదప వారు గుండె చప్పుళ్ళను స్పష్టముగా వినగలిగిరి. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొనిన పిదప గుండె నీడను చూడగలిగిరి. కాని ఆ నీడవలన గుండె ఆకారము, పరిమాణము తెలిసెనే గాని, లోపలి కవాటముల కదలిక తెలియలేదు. ఈ కొరత ఎట్లు తీరినదో, అందువలన చికిత్స ఎట్లు మారినదో ద్విపత్రకవాట వ్యాధి చరిత్ర చక్కగా తెలుపును.

ద్విపత్రకవాటము గుండె ఎడమభాగమున కర్ణికకును జఠరికకును నడుమనున్న రెండు రెక్కల తలుపు వంటిది. బాల్యమున ఒక విధమగు గొంతునొప్పి వెనుక వచ్చు కీళ్ళవాతజ్వరము ఈ రెక్కలను క్రమముగా దళసరిచేసి, వాని అంచులను అంటించివేయును. ఆరోగ్యవంతులగు పెద్దలయందు 4 మొదలు 6 చదరపు సెంటీమీటర్ల వరకు ఉండు ద్వారము 1.5 చదరపు సెంటీమీటర్లకు, లేదా అంతకు లోపునకు, తగ్గినచో వ్యాధి తీవ్రమైనదని నేటి వైద్యులు నిర్ణయింతురు. అప్పుడు రక్తము వెనుక నిలిచిపోయి, ఊపిరితిత్తులలో ఒత్తిడి హెచ్చి, ఆయాసము కలుగును. మరికొందరిలో రెక్కలు సరిగా మూసుకొనక రక్తము వెనుకకు కారును. ఒకే రోగియందు ఈ రెండు దోషములును ఉండవచ్చును.

1925లో లండనున సౌటర్ అను శస్త్రవైద్యుడు ఒక యువతి గుండెలోనికి వ్రేలు చొప్పించి ఈ ద్వారమును పెద్దది చేసెను. 1948లో అమెరికాయందు బెయిలీ, హార్కెన్ అనువారు వేర్వేరుగా ఇట్టి శస్త్రచికిత్సను జయప్రదముగా నెరవేర్చిరి. దానితో ఒక కఠినమైన ప్రశ్న పుట్టెను. ద్వారము ఇరుకైన రోగికి ఈ చికిత్స ప్రాణము పోయును; కవాటము కారుచున్న రోగికి ప్రయోజనము లేకపోగా హానియు కలుగవచ్చును. కత్తి పట్టుటకు ముందే ఈ రెంటిని వేరుచేయుట ఎట్లు? 1929లో జర్మనీ దేశమున ఫోర్స్‌మన్ తన చేతి రక్తనాళము గుండా సన్నని గొట్టమును తన గుండెవరకు పంపుకొని, ఎక్స్‌రేతో దానిని నిరూపించి ఒక మార్గము చూపియుండెను. కాని ఆ మార్గమున గుండెలో ప్రవేశింపక తప్పదు.

స్వీడన్ దేశమున లుండ్ నగరపు వైద్యుడు ఇంగె ఎడ్లెర్‌కు ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచుండెను. శస్త్రచికిత్సకు తగిన రోగులను ఎన్నుకొనుట ఆయన బాధ్యత. ఆయన భౌతికశాస్త్రజ్ఞుడగు కార్ల్ హెల్ముత్ హెర్ట్స్‌ను ఆశ్రయించెను. లోహములలోని పగుళ్ళను శబ్దముతో కనిపెట్టు యంత్రము ఒకటి మాల్మో నగరపు ఓడల నిర్మాణశాలలో ఉండెను. హెర్ట్స్ దానిని తన రొమ్ముపై ఉంచుకొని పరీక్షింపగా గుండె కదలికలతోపాటు కదలుచున్న ప్రతిధ్వనులు కనబడెను. పిదప సీమెన్స్ సంస్థ ఒక యంత్రమును ఎరవుగా ఇచ్చెను. 1953 అక్టోబరు 29న ఆ యిరువురును గుండె ప్రతిధ్వనుల రేఖను తొలిసారిగా నమోదుచేసిరి.

ఈ పద్ధతి మూలసూత్రము సులభమైనది. మనుష్యుని చెవికి వినబడు హద్దు సెకండుకు ఇరువదివేల కంపనములు. ఈ పరీక్షలో వాడునవి సెకండుకు లక్షలకొలది కంపనములు గల తరంగములు. అవి మృదు కణజాలమున సెకండుకు సుమారు 1540 మీటర్ల వేగముతో పోయి, అడ్డు తగిలిన చోటినుండి తిరిగివచ్చును. తిరిగివచ్చిన కాలమునుబట్టి దూరము తెలియును. కవాటపు రెక్క కదలినకొలది ఆ దూరము మారుచుండుటచే, కాలక్రమమున గీచిన రేఖలో కదలికయే చిత్రమగును.

తమకు కనబడిన ఒక ముఖ్య ప్రతిధ్వని ఎడమకర్ణిక గోడనుండి వచ్చుచున్నదని ఎడ్లెర్ మొదట తలచెను. తరువాత మృతదేహములను పరిశోధించి, అది ద్విపత్రకవాటపు ముందురెక్కనుండి వచ్చినదని తేల్చెను. ఆరోగ్యవంతుల రెక్క తెరచుకొన్న వెంటనే వేగముగా వెనుకకు మరలును. ద్వారము ఇరుకైనపుడు కర్ణికలోని ఒత్తిడి రెక్కను త్రోసియుంచుటచే రేఖ మెల్లగా వాలును. ఆ వాలునుబట్టి ఇరుకుదనపు తీవ్రతను అంచనావేయుట సాధ్యమయ్యెను. శస్త్రవైద్యుని ప్రశ్నకు దేహమును తాకీ తాకని ఒక పరీక్ష సమాధానము చెప్పుట అప్పటినుండియే ఆరంభము. 1977లో ఆ యిరువురికి లాస్కర్ బహుమానము లభించెను.

అటుపిమ్మట రేఖ బొమ్మగా మారెను. 1971లో రోటర్‌డామ్ నగరమున నికోలాస్ బామ్ కదలుచున్న గుండెను అడ్డుకోతగా చూపు యంత్రమును ప్రకటించెను. ఆ దశకముననే నార్వేయందు హోలెన్, హాట్లె మున్నగువారు రక్తప్రవాహ వేగమునుండి ఒత్తిడి తేడాను గణించు విధానమును స్థాపించిరి. వేగమును సెకండుకు మీటర్లలో కొలిచి, దాని వర్గమును నాలుగింతలు చేసినచో తేడా పాదరసపు మిల్లీమీటర్లలో వచ్చును. వేగము 2 అయినచో తేడా 16. ఇట్లు అనేక రోగులయందు గొట్టము పంపవలసిన అవసరము తొలగెను. 1984లో జపానుకు చెందిన ఇనౌయె రొమ్ము కోయకుండ బుడగతో ఈ ద్వారమును విప్పు చికిత్సను ప్రకటించెను. రెక్కలు మెత్తగా ఉన్నవా, కర్ణికలో రక్తపుగడ్డ కలదా, కవాటము ఎక్కువగా కారుచున్నదా అనునవి చూచియే నేడు వైద్యులు ఆ చికిత్సకు పూనుకొందురు.

సంపన్న దేశములలో ఈ వ్యాధి చాలవరకు తగ్గినను, భారతదేశమున తెలుగువారు నివసించు ప్రాంతములతో సహా ఇది నేటికిని కలదు. యౌవనముననే ఆయాసము కలిగించి, గర్భిణులను ప్రమాదమున పడవేయు వ్యాధియిది. 2018లో ప్రపంచ ఆరోగ్యసభ దీని నివారణకై ఒక తీర్మానము గావించెను. ఉగాండాలో వ్యాధి పైకి కనబడకున్నను ఎకో పరీక్షలో చిహ్నములు తోచిన బాలబాలికలపై జరిగిన పరిశోధన 2022లో వెలువడెను. నాలుగు వారముల కొకమారు పెన్సిలిన్ పొందినవారిలో 0.8 శాతమునకు, పొందనివారిలో 8.2 శాతమునకు రెండేండ్లలో వ్యాధి ముదిరెను.

చిత్రము తానుగా ఏ రోగిని బ్రతికింపదు. అది కత్తి ఎవరికి వలయునో మొదట తెలిపెను; కత్తితో పనిలేకుండ ఎవరిని కాపాడవచ్చునో నేడు తెలుపుచున్నది. బిడ్డల గొంతునొప్పిని, కీళ్ళవాపును తేలికగా తీసికొనక, సకాలమున పరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన సూదిమందును మానక వేయించినపుడే ఈ విజ్ఞానము మన యిండ్లకు ఫలితమిచ్చును.