రూప్‌కుండ్ దారిన పోయినవాళ్లు

రూప్‌కుండ్ అనగానే ఎముకలు గుర్తొస్తాయి. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, త్రిశూల్ పర్వతం కింద, 5,029 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న మడుగు అది. అడ్డంగా కొలిస్తే దాదాపు 40 మీటర్లు. ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కిందే ఉంటుంది. ఆ మంచు కరిగే కొద్ది వారాల్లో ఒడ్డునా నీళ్లలోనూ మనుషుల పుర్రెలు, కాళ్లూ చేతుల ఎముకలు, తోలు చెప్పులు బయటపడతాయి. వందలమందివి. 1942లో హరికిషన్ మధ్వాల్ అనే అటవీ రేంజర్ వీటిని చూసి చెప్పాకే బయటి లోకం కన్ను దీనిమీద పడింది. అది యుద్ధకాలం కనక దొంగతనంగా చొరబడిన జపాన్ సైనికులేమోనన్న అనుమానం మొదట వచ్చింది. ఎముకలు బాగా పాతవని తేలడంతో ఆ భయం తీరిపోయింది కానీ ఒక ప్రశ్న మాత్రం స్థిరపడిపోయింది: ఇంతమంది ఒక్కసారిగా ఇక్కడ ఎలా చచ్చిపోయారు? ఆ తర్వాతి పరిశోధనలో చాలా భాగం ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. ఇబ్బంది ప్రశ్నలోనే ఉందని నా వాదన. 'ఒక్కసారిగా' అన్నది ఎవరూ రుజువు చేయలేదు. 'ఇక్కడికి' వచ్చారన్నదీ అంతే. పాతకాలంలో ఈ మడుగును చూడాలని కొండెక్కినవాళ్లు ఉన్నారనడానికి ఆధారమేమీ లేదు. ఇది వేరే చోటికి పోయే కాలిబాట మీద ఉన్న ఒక మజిలీ, అదీ రాత్రి మకాం వేయడానికి పనికిరాని మజిలీ.

ఆ బాట నందాదేవి రాజ్‌జాత్ యాత్ర నడిచే బాట. గఢ్వాల్ వాళ్లకు నందాదేవి ఇంటి ఆడపడుచు. పుట్టింటి నుంచి కైలాసంలో ఉన్న శివుడి దగ్గరికి, అంటే అత్తవారింటికి, ఆమెను సాగనంపడమే యాత్ర. మన అప్పగింతల్లో ఉండే ఏడుపూ పాటలూ అక్కడా ఉంటాయి. కర్ణప్రయాగ దగ్గరి నౌటీ గ్రామంలో బయలుదేరి, నాలుగు కొమ్ముల పొట్టేలు ముందు నడవగా, దాదాపు 280 కిలోమీటర్లు మూడు వారాల పాటు నడుస్తారు. వాణ్ గ్రామంతో ఊళ్లు అయిపోతాయి. అక్కణ్నుంచి బేదినీ బుగ్యాల్ (బుగ్యాల్ అంటే చెట్లు ఆగిపోయిన ఎత్తులో పరుచుకున్న గడ్డిమైదానం), పాతర్ నచౌనీ, కైలువా వినాయక్, బగువాబాసా, రూప్‌కుండ్, దాని నెత్తిన జ్యూఁరాగలీ కనుమ, అవతల శిలాసముద్ర, చివరికి హోమ్‌కుండ్. పొట్టేలును వదిలిపెట్టేది హోమ్‌కుండ్‌లో. రూప్‌కుండ్‌ను దాటిపోతారు, అంతే. స్థలపురాణం కూడా ఈ మాటే చెబుతుంది. కైలాసానికి నడుస్తున్న దేవికి దాహం వేస్తే శివుడు త్రిశూలంతో నేలను పొడిచి నీళ్లు రప్పించాడని, ఆ నీళ్లలో ఆమె తన రూపం చూసుకుందని కథ. పురాణంలోనూ అది దారిలో దాహం తీర్చిన చోటే.

ఎముకల గురించిన స్థానిక గాథ కూడా యాత్రదే. కన్నౌజ్ రాజు జస్‌ధవళ్ రాణితో, పరివారంతో, ఆటకత్తెలతో యాత్రకు వచ్చాడట. నియమం తప్పి దేవి దారిలో ఆటపాటలు పెట్టించాడట. పాతర్ నచౌనీలో ఆటకత్తెలు నేలలో కలిసిపోయారు, మిగిలినవాళ్ల మీద రూప్‌కుండ్ దగ్గర ఇనుప గుండ్లలాంటి వడగళ్లు కురిశాయి. చదువుకున్నవాళ్లకు ఈ గాథ చాల్లేదు. 1841లో టిబెట్ మీదికి వెళ్లిన జోరావర్ సింగ్ సైన్యమన్నారు, మహమ్మద్ బిన్ తుగ్లక్ హిమాలయాల్లో పోగొట్టుకున్న దండు అన్నారు, టిబెట్ వర్తకులన్నారు, అంటురోగమన్నారు. సైన్యం అన్న ఊహ ఎముకల దగ్గరే ఆగిపోతుంది, వాటిలో ఆడవాళ్లవి తక్కువేం లేవు. వర్తకం అన్న ఊహ పటం దగ్గర ఆగిపోతుంది, టిబెట్‌కు పోయే పెద్ద వర్తక మార్గమేదీ ఈ కనుమ మీదుగా లేదు. 1950లలో ఇక్కడికి ఎక్కి ఎముకలు పరిశీలించినవాళ్లలో స్వామి ప్రణవానంద ఒకరు. గోదావరి జిల్లాలో పుట్టిన తెలుగువాడు, కైలాస మానససరోవరాలను ఏళ్ల తరబడి కాలినడకన తిరిగి వాటి మీద ప్రామాణిక గ్రంథాలు రాసినవాడు. వీళ్లు యాత్రికులేనని ఆయన నమ్మకం. రాజు కథను ఆయనంత గట్టిగా పట్టుకోనక్కరలేదు గానీ, హిమాలయాల్లో మనుషులు ఎందుకు నడుస్తారో, ఎక్కడ పడిపోతారో తన కాళ్లతో తెలుసుకున్న మనిషి మాటకు బరువుంటుంది.

2004లో ఒక టీవీ చానెల్ పూనుకున్న పరిశోధన ఈ తగాదాను తేల్చేసినట్టే కనిపించింది. రేడియోకార్బన్ లెక్క క్రీ.శ. 850 ప్రాంతమని చూపింది. కొన్ని పుర్రెల మీద పైనుంచి గుండ్రటి వస్తువు తగిలిన దెబ్బలున్నాయి. గాథలో వడగళ్లు, పుర్రెల్లో దెబ్బలు! జానపదుల పాట నిజమైందని పత్రికలు సంబరపడ్డాయి. ఇంత అందంగా కుదిరిన జవాబును అనుమానించాలనిపించదు. కానీ హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనశాలలో లాల్జీ సింగ్, తంగరాజ్ మొదలుపెట్టిన జన్యు పరిశీలన ఆగలేదు. ముందు 72 మంది ఎముకల్లో తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్‌ఏను చూశారు. తర్వాత 38 మందికి పూర్తి జన్యు పటాలు తీశారు. తంగరాజ్, నీరజ్ రాయ్‌లతో పాటు విదేశీ ప్రయోగశాలలు కలిసిన ఆ పని 2019 ఆగస్టులో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో అచ్చయింది. 38 మందిలో 23 మంది భారత ఉపఖండపు వాళ్లు, 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు వాళ్లు, ఒకరు ఆగ్నేయాసియా సంతతి. మొదటి గుంపు క్రీ.శ. 7 నుంచి 10వ శతాబ్దాల మధ్యది, మిగిలిన రెండు రకాలవాళ్లూ సుమారు 1800 ప్రాంతం వాళ్లు. అంటే నడుమ వెయ్యేళ్లు. మొదటి గుంపులోనైనా అందరూ ఒకే రోజు పోయారా అంటే, ఒకరి కాలం 675–769 మధ్య, మరొకరిది 894–985 మధ్య తేలింది. ఈ రెండూ ఎక్కడా కలవవు. ఒకే వడగళ్లవాన వీళ్లిద్దరినీ చంపి ఉండదు. మానని దెబ్బలున్న పుర్రెలు మూడే. వడగళ్లు కొందరిని చంపి ఉండవచ్చు, ఆ ఎత్తులో అది అరుదైన సంగతి కాదు. అందరినీ చంపాయనడానికి మాత్రం వీల్లేదు. తరతరాలుగా ఒకే బాటన నడిచినవాళ్లలో ఒకప్పుడు ఒకరు, ఇంకొకప్పుడు ఒక గుంపు పోయారనుకుంటే ఈ తేదీలు ఇబ్బంది పెట్టవు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. యాత్ర అంత పాతదని ఎలా చెబుతారన్నది ఒకటి. రాజ్‌జాత్ గురించి రాతపూర్వక వర్ణనలు 19వ శతాబ్దం చివరికి గానీ దొరకవు. పన్నెండేళ్లకోసారి అంటారు గానీ, ఇటీవలివి చూస్తే 1968, 1987, 2000, 2014. నిన్న మొన్నటి లెక్కే కుదరనప్పుడు వెయ్యేళ్ల లెక్కను నమ్మమంటారా అని అడగవచ్చు. ఇప్పటి పొట్టేలు, ఇప్పటి మజిలీల వరస అప్పుడూ ఉన్నాయని నేననడం లేదు. కానీ యాత్ర మూలాలు పాతవని సూచించే 8–10 శతాబ్దాల శాసనాలు చుట్టుపక్కల గుళ్లలో ఉన్నాయి, మొదటి గుంపు కాలమూ దాదాపు అదే. ఆడా మగా కలిసి, ఆయుధాల్లేకుండా, ఊరూ వర్తకమూ లేని కనుమకు ఎక్కడానికి భక్తి కన్నా మంచి కారణం ఇంతవరకు ఎవరూ చూపించలేదు. రెండో అభ్యంతరం ఇంకా పెద్దది: ఆ 14 మంది మాటేమిటి? గ్రీస్, క్రీట్ వాసులకు దగ్గరి రక్తం వాళ్లది. ఒకరికొకరు దగ్గరి బంధువులు కారు. ఆడవాళ్లూ ఉన్నారు. అలెగ్జాండర్ సైనికుల సంతతి అంటే వినసొంపుగా ఉంటుంది గానీ, రెండు వేల ఏళ్లలో ఇక్కడి రక్తం కలవకుండా ఉండదు, ఎముకల్లో ఆ కలయిక లేదు. వీళ్లు నందాదేవి భక్తులని చెప్పే సాహసం నేను చేయను. వీళ్ల విషయంలో నా వాదన సగమే నిలుస్తుందని ఒప్పుకోవాలి. అయితే ఆ మిగిలిన సగం కూడా ఒకే ఘోరం అన్న కథను ఆదుకోదు, మరింత ముక్కలు చేస్తుంది.

మరి ఎముకలన్నీ ఒక్కచోటే ఎందుకు పోగుపడ్డాయి? బాట తీరు చూస్తే జవాబు దొరుకుతుంది. బగువాబాసా నుంచి మడుగు దాకా ఏడొందల మీటర్లు నిలువుగా ఎక్కాలి, ఆపైన కనుమ ఇంకా నిటారు. నీడకు చెట్టు లేదు, మధ్యాహ్నం దాటితే వాతావరణం తిరగబడుతుంది. పైనుంచి జారినవాడూ, జారిన రాయీ, కదిలే మంచూ చివరికి చేరేది గిన్నెలా ఉన్న ఆ పల్లానికే. చల్లదనం ఎముకను చెడనివ్వదు. ఆపైన చూడవచ్చినవాళ్లు వాటిని అటూ ఇటూ జరిపారు, కుప్పలు పోశారు, సంచుల్లో పట్టుకుపోయారు కూడా. ఏ ఎముక ఏ పొరలో ఉండేదో ఇక తవ్వి తెలుసుకునే దారి చాలావరకు మూసుకుపోయింది. మడుగునే గమ్యంగా పెట్టుకుని నడిచిన మొదటి తరం ఈ ట్రెకింగ్ తరమే. లోహాజంగ్‌లో బయలుదేరి, ఎముకలు చూసి, ఫొటో తీసుకుని అక్కణ్నుంచే వెనక్కి తిరిగేవాళ్లు. వాళ్ల గుడారాలతో బేదినీ, అలీ బుగ్యాల్‌లు చెత్తతో నిండిపోతుంటే విషయం కోర్టుకెక్కింది. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌లలో రాత్రి మకాం వేయకూడదంది, రోజుకు రెండొందల మందికి మించి అడుగుపెట్టకూడదంది. ఆ ఆంక్ష గడ్డిమైదానాల మీద, మడుగు మీద కాదు. అయినా బేదినీలో రాత్రి ఆగకుండా రూప్‌కుండ్ ఎక్కి దిగడం కుదరదు కనక, ట్రెకింగ్ కంపెనీలు తమ పట్టికల్లోంచి దాన్ని తీసేశాయి.